దేశాంతరము పోవువారి ఆరోగ్యబీమా

పూర్వము మన యిండ్లలో కాశీరామేశ్వరములే దూరప్రయాణములు. కాశికి బయలుదేరువారు ఇంటివారికి అప్పగింతలు చెప్పి, ఉన్న అప్పులు తీర్చి, మరల చూచెదమో లేదో యని బంధువులందఱను పలుకరించి పోయెడివారు. త్రోవలో జబ్బు చేసెనా, దైవమే దిక్కు. నేడట్లు గాదు. గోదావరిఖనిలో నిన్న సాయంకాలము దీపము పెట్టిన యిల్లాలు నేడు దుబాయిలోనో, అమెరికాలోనో కాలు మోపుచున్నది. ప్రయాణము సులభమైనది గాని అప్పగింతల యగత్యము తీరలేదు. అవి కాగితములమీది కెక్కినవి, అంతే. ఆ కాగితములలో పాస్‌పోర్టును, వీసాను, విమానపు టిక్కెట్టును ఇంటిల్లిపాదియు పదిమాఱులు తిరుగవేసి చూతురు. ఆరోగ్యబీమా కాగితమును మాత్రము మడతయైన విప్పక పెట్టె యడుగున పడవేయుదురు. సోదరీమణులతో నేను ముచ్చటింపగోరునది ఆ మడత విప్పని కాగితమును గూర్చియే.

మా బొగ్గుగనుల ప్రాంతపు స్త్రీలకు ఈ విషయమున ఒక ప్రత్యేకమైన చిక్కు గలదు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన ఆ పేరుతో రిజిస్టరైనది. నేడు దానిలో రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51 వంతులును, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులును గలవు. ఆ కంపెనీ నీడను పుట్టి పెరిగిన మా యూరిలో వైద్యము కొనవలసిన వస్తువు కాదు. కొలువుతోపాటు వచ్చిన వస్తువు. బిడ్డకు జ్వరమనిన కంపెనీ డిస్పెన్సరీ, పురుడనిన ఏరియా ఆసుపత్రి, అంతకు మించిన జబ్బనిన హైదరాబాదునకు రిఫరల్ చీటి. డాక్టరు ఫీజెంతో, గదియద్దె ఎంతో తెలియకయే కాపురములు గడచి, పిల్లల పెండ్లిండ్లుకూడ అయిపోయిన యిల్లాండ్రు క్వార్టర్లలో ఎందఱో యున్నారు. కొలువు విరమించిన పిమ్మటకూడ, చందా కట్టినవారికి సి.పి.ఆర్.ఎం.ఎస్. అను వైద్యపథకపు కార్డు భార్యాభర్త లిరువురికిని నడచును. ఆ పథకమున లేనివారికి రాష్ట్రప్రభుత్వపు ఆరోగ్యశ్రీ కలదు. దాని పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షలనుండి 10 లక్షల రూపాయలకు పెరిగినది.

ఇవి యన్నియు మంచివే. కాని శంషాబాదులో విమానము రెక్క విప్పినంతనే ఆ కార్డులు వట్టి అట్టముక్కలు. వాని వెల మన దేశపు ఎల్లలలోపలనే. ఈ సంగతి ఎవరును దాచిపెట్టలేదు. అడిగినవారు లేరు గనుక చెప్పినవారును లేరు. నలువది యేండ్లు వైద్యమునకు డబ్బు లెక్కింపని చేతులకు, పరదేశమున వైద్యపు వెల యెట్టిదో ఊహకుకూడ అందదు.

బయటిదేశములకు పోవుట ఇక్కడ ఏల పెరిగినదో అందఱును ఎఱిగినదే. 1990 ప్రాంతమున లక్షకు మించిన గనికార్మికులు నేడు నలువదివేల యెత్తుకు దిగిరి. తండ్రి దిగిన గనిలో కొడుకునకు చోటు లేదు. చదివినవాడు అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాల వైపు చూచెను. చదువు సాగనివాడు దుబాయి, సౌదీ, ఖతరుల వైపు చూచెను. పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలలో గల్ఫునకు మనిషి పోని వీధి అరుదు. కావున మన యింట బయలుదేరువారు రెండు తెగలు. కూతురి పురిటికో, మనుమని చూచుటకో పోవు తల్లిదండ్రులు ఒక తెగ. కూలికి పోవు కొడుకులు, భర్తలు రెండవ తెగ. వీరి నియమములు వేఱు, వీరికి రాగల ఆపదలు వేఱు.

మొదట తల్లిదండ్రుల మాట.

అమెరికా దేశమునకు చూచిపోవుటకు వెళ్లువారిని, ఆరోగ్యబీమా యున్నదా యని వీసా కచేరీలో అడుగరు; విమానాశ్రయమున దిగినప్పుడును అడుగరు. అడుగలేదు గనుక అక్కఱలేదని మనవారు తలంతురు. నిజమునకు బీమా యడుగని ఆ దేశముననే దాని యక్కఱ యన్నిటికంటె హెచ్చు. అచ్చట ఆసుపత్రి వైద్యపు వెల లోకములోనే పెద్దది. 1986వ సంవత్సరపు చట్టము ననుసరించి, అత్యవసరవిభాగము గల ఆసుపత్రులు ప్రాణాపాయముతో వచ్చినవారిని డబ్బు లేదని త్రిప్పి పంపరాదు. ఇది గొప్ప ధర్మమే. కాని త్రిప్పి పంపరాదన్నదే గాని, బిల్లు వేయరాదని ఆ చట్టమున లేదు. రోగి కుదుటపడి యిల్లు చేరిన కొన్నివారములకు బిల్లు తపాలాలో వచ్చును. ఆసుపత్రి దొకటి, డాక్టరు దొకటి, ఎక్స్‌రే చూచినవాని దొకటి, అంబులెన్సు దొకటి.

మా వీధిలో ఒక యిల్లాలు కూతురి కాన్పునకు వెళ్లినది. పండ్రెండేండ్లుగా షుగరు, దానితో రక్తపుపోటు. అల్లుడు తనకు తోచినంతలో చౌకగా ఒక పాలసీ కొనియుంచెను. మనుమరాలు పుట్టిన పదునాఱవ నాడు ఆమెకు ఎదలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో మూడు రాత్రు లుండవలసివచ్చినది. బ్రదికి బట్టకట్టినది, అది మేలు. పాలసీ యిచ్చిన కంపెనీవారు మాత్రము రోజునకు ఇంతయని ముందే వ్రాసియున్న సొమ్ము ఇచ్చి, తక్కినది మాకు సంబంధింపదనిరి. ఆ తక్కినదానికి ఆమె భర్త రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో మిగిలియున్న భాగము పోయినది. చాలనిది అల్లుడు నెలనెల కట్టుచున్నాడు. "పురిటికి పోయి బిడ్డకు అప్పు పెట్టి వచ్చితి"నని ఆమె యిప్పటికిని కొంగుతో కన్నులు తుడుచుకొనును. ఆ తల్లి చేసిన తప్పేమి? పాలసీ యున్నదని నమ్మినది. ఉన్న పాలసీ ఏ తెగదో ఇంట ఎవరును చూడలేదు.

పాలసీలు ముఖ్యముగా రెండు తెగలని తెలిసికొనవలెను. ఒక తెగ పాలసీలలో గదికి ఇంత, శస్త్రచికిత్సకు ఇంత, డాక్టరు చూచుటకు ఇంత యని లెక్క కట్టియుండును. వీనిని ఫిక్సెడ్ బెనిఫిట్ పాలసీలందురు. రెండవ తెగవి కాంప్రిహెన్సివ్ పాలసీలు. వీనిలో మన వంతు మొదట కొంత చెల్లించిన పిమ్మట, మిగిలినదానిలో అధికభాగమో సర్వమో పాలసీ మొత్తమువఱకు కంపెనీయే భరించును. మాటవరసకు, ఆసుపత్రివారు రోజునకు 5,000 డాలర్లు వేసిరనుకొందము. మొదటి తెగ పాలసీలో రోజునకు 1,500 డాలర్లని వ్రాసియున్నచో తక్కిన 3,500 డాలర్లు మన నెత్తిమీదివి. నాలుగు రోజు లున్నచో 14,000 డాలర్లు. ఈ పాలసీ చౌకయన్న మాట కొన్ననాటి మాటయే గాని, అక్కఱపడిన నాటి మాట గాదు. రెండవ తెగ పాలసీకి వెల హెచ్చు. చీరలకు, వెండిపళ్లెములకు వెచ్చించు ప్రయాణమున ఆ హెచ్చుతగ్గు భారమేమియు గాదని నా యభిప్రాయము.

మన వంతుగా మొదట చెల్లింపవలసిన సొమ్మును డిడక్టిబుల్ అందురు. అది పెద్దదైనకొలది పాలసీ వెల తగ్గును. ఆ సొమ్ము పాలసీ కాలమంతటికి ఒక్కమాఱా, లేక ప్రతి జబ్బునకును వేఱువేఱుగానా యని చూడవలెను. పాలసీ మొత్తము 50,000 డాలర్లా, లక్ష డాలర్లా యని చూచునప్పుడుకూడ అదే ప్రశ్న. మఱియు డెబ్బదియో ఎనుబదియో నిండినవారికి చాల కంపెనీలు ఆ మొత్తమును బాగుగ తగ్గించివేయును. అట్టపై పెద్దయక్షరములలో నున్న యంకె అందఱిదియు గాదు. వయస్సుల పట్టిక లోపలి పుటలలో నుండును.

అన్నిటికంటె చిక్కైనది పాతజబ్బు మాట. షుగరు, రక్తపుపోటు, ఉబ్బసము, గుండెజబ్బు, మోకాళ్లవాతము - మన తరపు తల్లిదండ్రులలో ఇవి యేవియు లేనివారు ఎందఱు? బయలుదేరకముందే యున్న జబ్బునకు చికిత్సవ్యయము ఇయ్యమని సాధారణముగా ప్రతి పాలసీయు చెప్పును. అమెరికా పాలసీలలో కొన్ని, పాతజబ్బు హెచ్చరిక లేక హఠాత్తుగా ముదిరిన యెడల మాత్రము ఇత్తుమని చెప్పును. దీనికి అక్యూట్ ఆన్‌సెట్ అని పేరు. దానికిని షరతులు గలవు. చాల పాలసీలలో నొప్పి పుట్టిన 24 గంటలలోపల వైద్యుని చేరవలెను. మన యిల్లాండ్రేమో, నొప్పి వచ్చిన మొదటి దినము వాము నమలి, రెండవ దినము మాత్ర వేసికొని, మూడవ దినము గాని కూతురితో చెప్పరు. ఓర్పు మనకు పెట్టని సొమ్మే గాని, ఈ యెడ ఆ ఓర్పు పాలసీని చెఱచును. అదిగాక, మెల్లమెల్లగ ముదురుచున్న జబ్బు హఠాత్తు క్రింద లెక్కకు రాదు. షుగరు చూపించుకొనుటకును, రోజువారి మందులకును ఏ పాలసీయు ఇయ్యదు. మన దేశపు కంపెనీల విదేశయాత్రాపాలసీలు కొన్ని, పాతజబ్బువలన ప్రాణాపాయము గలిగినచో ఒక పరిమితివఱకు ఇత్తుమని చెప్పును. ఆ పరిమితి యెంతయో అడిగి వ్రాతపూర్వకముగా తీసికొనవలెను.

ఇచ్చట ఒక ప్రలోభము గలదు. దరఖాస్తులో జబ్బుల గడి వచ్చినప్పుడు "లేవు" అని వ్రాసినచో వెల తగ్గునని కొందఱు బ్రోకర్లు సలహా యిత్తురు. అట్లు వ్రాయుట పాలసీని మన చేతులార చించివేసికొనుటయే. సొమ్ము కోరిననాడు కంపెనీవారు హైదరాబాదు ఆసుపత్రి కాగితములు తెప్పించి చూతురు. రోగి తానే అమెరికా డాక్టరుతో "నాకు పదేండ్లుగా షుగరండి" అని చెప్పును. డాక్టరు అది వ్రాసికొనును. ఆ యొక్క పంక్తి చాలును.

తేదీల విషయమునను మెలకువ వలయును. చూడవచ్చినవారికి అమెరికాలో సామాన్యముగా ఆఱుమాసముల గడు విత్తురు. మనము మూడుమాసములకు పాలసీ కొని, మనుమని అన్నప్రాశనవఱకు ఉండుమని కూతురు బ్రతిమాలగా నిలిచిపోవుదుము. పాలసీ గడువు తీరకముందే పొడిగించుకొనవలెను. తీరిన పిదప కొన్నచో నడుమ వచ్చిన జబ్బులుకూడ పాతజబ్బు లగును. తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు పొంది స్థిరపడినను, 65 ఏండ్లు దాటినంతమాత్రమున ఆ దేశపు మెడికేరు వైద్యము వెంటనే రాదు. అచ్చట పనిచేసి పన్ను కట్టనివారు ఐదేండ్లు ఎడతెగక నివసించిన పిమ్మటనే చందా కట్టి చేరవచ్చును.

పురిటికి పోవు తల్లులు తెలిసికొనవలసినది మఱొకటి యున్నది. పుట్టిన శిశువును తల్లిదండ్రుల ఉద్యోగపు బీమాలో 30 దినములలోపల పేరు వ్రాయించి చేర్పవలెను. బారసాల, ఫొటోలు, బంధువుల టెలిఫోనుల సందడిలో ఆ గడువు జాఱిపోవుట కలదు. పథ్యము వండిపెట్టు అమ్మమ్మయే ఈ మాట జ్ఞాపకము చేసినచో ఎంతయో మేలు.

తక్కిన దేశముల సంగతి ఇంత పొడుగు గాదు. ఫ్రాన్సు, జర్మనీ మొదలగు షెంగెన్ దేశములకు చూడబోవు మనవారు కనీసము 30,000 యూరోల ఆరోగ్యబీమా చూపినగాని వీసా యియ్యరు. ఆ పాలసీ షెంగెన్ దేశములన్నిటను చెల్లవలెను. ఉన్నన్ని దినములకును సరిపోవలెను. అత్యవసర వైద్యమునకే గాక, జబ్బుపడినవారిని గాని, దైవవశమున మరణించినవారి దేహమును గాని స్వదేశము చేర్చు వ్యయమునకు కూడ పనికిరావలెను. ఇంగ్లండులో ఆఱుమాసములకు మించి యుండు విద్యార్థులు, ఉద్యోగులు వీసాతోపాటు ఆరోగ్యపు రుసుము కట్టవలెను. 2024 ఫిబ్రవరి నుండి అది ఏడాదికి 1,035 పౌనులు. విద్యార్థులకు, పిల్లలకు 776 పౌనులు. అంత దీర్ఘకాల ముండగోరు మన దేశస్థులు క్షయరోగము లేదని పరీక్షచేయించుకొని సర్టిఫికెట్టు చూపవలెను. చూడబోయిన తల్లిదండ్రులు ఈ రుసుము కట్టరు. ఆ కారణముననే వారిని ఆసుపత్రిలో చేర్చుకొన్నచో ఒకటిన్నర రెట్లు వసూలు చేయుదురు. అత్యవసరవిభాగమున చూచుట మాత్రము ఉచితము. 500 పౌనులు, అంతకు మించి బాకీపడి తిరిగివచ్చినవారికి మఱల వీసా నిరాకరింపవచ్చును.

కెనడాలో తల్లిదండ్రులకు, తాతయవ్వలకు సూపర్‌వీసా యను సదుపాయము కలదు. ఒక్క రాకలో ఐదేండ్లవఱకు ఉండవచ్చును. దానికి కనీసము ఏడాదికి సరిపోవు లక్ష కెనడా డాలర్ల ఆరోగ్యబీమాయు, వైద్యపరీక్షయు తప్పనిసరి. పూర్వము కెనడా కంపెనీల పాలసీయే కావలసియుండెను. 2025 జనవరి నుండి ఆ ప్రభుత్వపు అనుమతి గల బయటి కంపెనీల పాలసీలనుకూడ ఒప్పుకొనుచున్నారు. ఆస్ట్రేలియాకు చదువబోవువారు చదువుకాలమంతటికిని అచ్చటి విద్యార్థిబీమా కొనియే తీరవలెను.

ఇక గల్ఫు మాట. ఇందులో నాకు చెప్పవలసినది ఎక్కువ. ఏలయనగా, అమెరికా పోవువారి యింట కంప్యూటరు తెలిసిన పిల్లలుందురు, గల్ఫు పోవువారి యింట పెక్కుచోట్ల ఏజెంటు చెప్పిన మాటయే వేదము.

గల్ఫుదేశములందు ఉద్యోగమునకు పోవువాడు ఇచ్చటనే, ఆ ప్రభుత్వము లంగీకరించిన వైద్యకేంద్రమున పరీక్షకు పోవలెను. హైదరాబాదులో ఇట్టి కేంద్రములు గలవు. నెత్తురు తీసి హెచ్.ఐ.వి., రెండుమూడు తెగల కామెర్లు మొదలగునవి చూతురు. స్త్రీలకు గర్భపరీక్షయు కలదు. ఎదకు ఎక్స్‌రే తీయుదురు. ఈ ఎక్స్‌రేయే మా ప్రాంతపువారికి గండము. ఎన్నడో క్షయ వచ్చి, మందులు వాడి, పూర్తిగా మాని, పొలము దున్నుచున్న మనిషికికూడ ఊపిరితిత్తిపై మచ్చ మిగులును. ఆ మచ్చ చూచి "అన్‌ఫిట్" అని వ్రాయుట కలదు. గనులలో ఏండ్లతరబడి బొగ్గుదుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తులలో వేఱు మచ్చలుండును. ఇట్టివారు ఏజెంటునకు సొమ్ము కట్టకముందే ఇచ్చట ఒక ఎక్స్‌రే తీయించి, డాక్టరునకు చూపుట మేలు. కొందల రూపాయలతో తెలియవలసినది, లక్ష రూపాయల అప్పు చేసిన పిమ్మట తెలియరాదు. ఇంతేగాక, ఆ దేశమున దిగినపిమ్మట నివాసపు అనుమతికై రెండవమాఱు పరీక్ష చేయుదురు. అందు తప్పినచో తిరుగుటిక్కెట్టే. ఇచ్చట డబ్బిచ్చి మంచి రిపోర్టు వ్రాయింతుమను ఏజెంటు ఆ రెండవ పరీక్షనుండి కాపాడలేడు.

పదవతరగతి తప్పినవారికి ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇత్తురు. వారు గల్ఫు మొదలగు 18 దేశములకు పనికి పోవలెనన్న, 1983వ సంవత్సరపు వలసచట్టము క్రింద ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ఆ యనుమతితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన యను పాలసీ తప్పనిసరి. ఇది 2003లో ఏర్పడి, 2017లో సవరింపబడినది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు, వానిపై పన్ను. మన యింటి గ్యాసుబండకంటె తక్కువ వెల. దానికి, పనివాడు ప్రమాదమున మరణించినను, పనికిరాని అంగవైకల్యము పొందినను 10 లక్షల రూపాయలు వచ్చును. జబ్బుపడి ఆసుపత్రిలో చేరినప్పుడు కొంత, ఉద్యోగినియైన స్త్రీకి కాన్పు ఖర్చునకు కొంత, ఉద్యోగపు తగవున కోర్టుఖర్చులకు కొంత కలదు.

సోదరీమణులు ఇచ్చట "ప్రమాదమున" అన్న మాట దగ్గఱ ఆగవలెను. పరంజిమీదినుండి పడుట ప్రమాదము; లారీ గ్రుద్దుట ప్రమాదము. మండుటెండలో పనిచేసి, రాత్రి గదిలో పండుకొని, తెల్లవాఱునప్పటికి లేవనివాడు ఏమి? అచ్చటి డాక్టరు "గుండె ఆగినది, సహజమరణము" అని వ్రాయును. ఆ మాటతో 10 లక్షల పాలసీ మూసికొనిపోవును. ముప్పదియైదేండ్లవాని గుండె సహజముగా ఎట్లాగునని ఇల్లాలు అడుగవచ్చును. కాగితము జవాబు చెప్పదు. ఈ లోపము తీర్చి, సహజమరణమును పాలసీలో చేర్చవలెనని గల్ఫు కార్మికులపక్షమున పనిచేయువారు చిరకాలముగా అడుగుచున్నారు. అది న్యాయమైన కోరిక. తెలంగాణ ప్రభుత్వము 2024లో, గల్ఫున మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చుటకు ఉత్తర్వు చేసినది. ఆలస్యము చేయక జిల్లా కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొనవలెను. ఇది యొక్కటి చాలదు గనుక, బయలుదేరకముందే ప్రతి మరణమునకును చెల్లు సాధారణ జీవితబీమా ఒకటి భర్త పేర ఉండునట్లు చూచుకొనుట యుక్తము.

పదవతరగతి ప్యాసైనవారికి ఇ.సి.ఆర్. ముద్ర యుండదు. కావున వారికి అనుమతి యక్కఱలేదు, ఆ పాలసీయు తప్పనిసరి గాదు. మా యూరి పిల్లలు పదవతరగతియైన తప్పక ప్యాసగుదురు. అనగా చదువు వచ్చినందున వారికి రావలసిన రక్షణ రాకపోవుచున్నది. వింతయే గాని నిజము. ఇంతకంటె చెడ్డది విజిట్‌వీసా త్రోవ. "ముందు చూచుటకని పొమ్ము, అచ్చట పని చూపింతుము" అని చెప్పు ఏజెంట్లు గలరు. అట్లు పోయినవానికి ప్రభుత్వపు పాలసీయు లేదు, యజమాని బీమాయు లేదు. పనిలో దెబ్బ తగిలినచో ఆసుపత్రిలో నిలబడి చెప్పుకొనుటకుకూడ పేరు లేదు.

యజమాని బీమా యేమనగా, సక్రమముగా పోయినవానికి గల్ఫుదేశములు పెక్కింటిలో ఆరోగ్యబీమా యజమాని భారము. దుబాయిలో 2013వ సంవత్సరపు 11వ చట్టము ప్రకారము యజమానియే పాలసీ కొనవలెను; ఆ వ్యయమును కూలిలో కోయరాదు. 2025 జనవరి 1 నుండి యు.ఏ.ఇ. దేశమంతటను ప్రైవేటు కొలువులవారికి, ఇంటిపనివారికి ఆరోగ్యబీమా లేనిదే నివాసపు అనుమతి యియ్యరు. సౌదీలోకూడ ప్రైవేటు కొలువులవారికి, వెంటనున్న కుటుంబమునకు యజమాని బీమా చేయింపవలెను. దుబాయిలో భార్యాబిడ్డలను తీసికొనిపోయినవాడు వారి బీమా తానే కొనవలెను. ఖతరులో 2023 ఫిబ్రవరి నుండి చూడబోవువారికిని బీమా తప్పనిసరి. నెలకు 50 రియాళ్లు. కావున భర్త ఫోను చేసినప్పుడు, "తింటివా, పంటివా" అను ప్రశ్నలతోపాటు "ఇన్సూరెన్సు కార్డు చేతికిచ్చిరా?" అనికూడ అడుగవలెను. ఇయ్యలేదన్నచో ఆ జీతము చీటిలో కోత యేమైన నున్నదేమో చూడుమనవలెను.

ఇంటిపనికి గల్ఫు పోవు స్త్రీల బాధలు వేఱొక వ్యాసమునకు చాలును. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీ ముప్పదియేండ్లు నిండక ఆ దేశములకు పనికి పోరాదని, పోయినను ప్రభుత్వసంస్థల మూలముననే పోవలెనని మన ప్రభుత్వపు నియమము. తెలంగాణలో టామ్‌కామ్ అను సంస్థ అట్టిది. ఈ నియమమును దాటింతుమని చెప్పువాని మాట వినరాదు.

హజ్జునకు, ఉమ్రాకు పోవు ముసల్మాను సోదరీమణులు మెదడువాపు రాకుండ వేయు మెనింజైటిస్ టీకా, సౌదీ చేరుటకు కనీసము 10 దినములకు ముందు వేయించుకొని సర్టిఫికెట్టు వెంటనుంచుకొనవలెను. ఆఫ్రికాఖండమున పెక్కు దేశములకు గనికొలువులకై పోవువారికి పచ్చజ్వరపు టీకా వలయును. ఆ సర్టిఫికెట్టు టీకా వేసిన 10 దినములకు చెల్లుబాటగును, 2016 నుండి జీవితాంతము చెల్లును. అది లేక ఆ దేశములనుండి తిరిగివచ్చినవారిని మన విమానాశ్రయముననే కొన్నిదినములు వేఱుగా నుంచుదురు.

పెట్టె సర్దుట మన చేతిలోని పని గనుక ఇది కొంచెము విపులముగ చెప్పెదను. మందులను డబ్బాలనుండి తీసి పొట్లములు కట్టరాదు. కొన్ననాటి అట్టతోనే యుంచి, మందు అసలు పేరు వ్రాసిన డాక్టరు చీటి జతచేయవలెను. మందులకు కంపెనీ పెట్టిన పేర్లు పరదేశమున ఎవరికిని తెలియవు. అమెరికాకు సాధారణముగా మూడుమాసములకు సరిపడు మందులకు మించి తేరాదందురు. ఆఱుమాసము లుండువారు అచ్చట కొనుటకు వీలుగా తమ డాక్టరుచే వివరముగ వ్రాయించుకొనవలెను. గల్ఫున జాగ్రత్త ఇంకను హెచ్చు. మన మందులషాపులో ఇచ్చు నొప్పిమాత్ర ట్రమడాల్, కోడీన్ గల దగ్గుమందు, నిద్రమాత్రలు, షుగరువారు అరికాళ్లమంటలకు వాడు ప్రిగాబలిన్ - ఇవి యు.ఏ.ఇ.లో అదుపున నుంచిన మందులు; ముందుగా ఆ దేశపు ఆరోగ్యశాఖ అనుమతి లేక తీసికొనిపోయినచో నేరము. గసగసాలు సైతము యు.ఏ.ఇ., సౌదీలలో మాదకద్రవ్యముల జాబితాలోనివి! కొడుకునకు కోడికూర మసాలా యని గసగసాలు దంచి కలిపిన పొడి ప్రేమతో మూట కట్టు తల్లులు ఆ మూట విప్పవలెను. అమెరికాకు పచ్చికరివేపాకు కూడదు. పొడిచేసినను విమానాశ్రయమున చూపి అడుగుట మంచిది.

చివరకు ఆ కాగితపు మాట. పాలసీ మూడు ప్రతులు తీయింపుడు. ఒకటి ప్రయాణికుని చేతిసంచిలో, ఒకటి అచ్చటి బిడ్డ యింట, ఒకటి గోదావరిఖనిలో మీ బీరువాలో నుండవలెను. మీ ప్రతిపై, వెళ్లినవారి పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, అచ్చటి భారత రాయబారకార్యాలయపు టెలిఫోను పెన్సిలుతో గాక కలముతో వ్రాసియుంచుడు. ఆసుపత్రిలో చేరినచో, చేరినవెంటనే కంపెనీకి తెలుపవలెనని పాలసీలలో షరతుండును. ఇంటికి వచ్చిన పిమ్మట చెప్పుదమని ఊరకుండరాదు. బిల్లులు, మందులచీటీలు, డిశ్చార్జి కాగితము అసలువే తెచ్చుకొనవలెను, నకళ్లు చాలవు. ప్రతి వెనుకవైపున కంపెనీ టెలిఫోను నంబర్లు రెండుండును. మన దేశమునుండి పిలుచునది ఒకటి, పరదేశమునుండి పిలుచునది ఒకటి. రెండవదానిని ప్రయాణికుని చేతనే ఒకమాఱు చదివించి, అతని ఫోనులో ఎక్కించి మఱి పంపుడు.